బెండు రెక్క

పురుగు కోసం ప్రాణం పోగొట్టుకున్నాడటగా మీ తమ్ముడు, అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. అడిగేటప్పుడు వాళ్ళ మొహాన చిన్న నవ్వు ఉంటుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నా నోరు మంచిది కాదని మా వీధిలో అందరికీ తెలుసు, అయినా అడుగుతారు. వాళ్ళకి నేను చెప్పను. చెప్పినా సగం విని లేచిపోతారు. అందుకే ఈ కాగితాల మీద రాస్తున్నాను. ఈ అక్షరాలు వాడు నేర్పినవే. వాడి సంగతి రాయడానికి కాకపోతే ఇంకెందుకివి?

మాది ధవళేశ్వరం దగ్గర కాలవ గట్టు మీద ఇల్లు. తాతల నాటినుంచీ బెండు పని. వానలు వెళ్ళాక చెరువుల్లోనూ ముంపు చేలల్లోనూ పెరిగిన జీలుగు మొక్కల్ని కోసుకొచ్చి ఎండబెట్టి, పైచెక్కు తీసేస్తే లోపల తెల్లటి బెండు ఉంటుంది. మెత్తగా ఉంటుంది, ఊదితే ఎగిరిపోయేంత తేలిక. దానితో పెళ్ళి బాసికాలు, చిలకలు, పూలదండలు చేసేవాళ్ళం. చుట్టుపక్కల ఏ పెళ్ళి జరిగినా వధూవరుల నొసట మా నాన్న చేసిన బాసికమే.

నాన్నకి ఒక నియమం ఉండేది. చీలిన బాసికం మా గడప దాటకూడదు. ఎక్కడైనా విరిగితే అతుకు కంటికి ఆనకుండా అతకాలి. అలా అతకలేకపోతే పొయ్యిలో పెట్టాలి. అతికాక మిగిలిన పాత ముక్కలుంటే గోదాట్లో కలపాలి, కాలికింద పడనివ్వకూడదు. "అతుకు కనపడితే అపశకునం, కనపడకపోతే పనితనం" అనేవాడు. ఈ మాట ఉగ్గుపాలతో పోశాడు మాకు. చివరికి నా కొంప ముంచింది ఆ మాటే.

నాకు తొమ్మిదో ఏట పెళ్ళయింది. పదకొండో ఏట కలరా వచ్చి ఆయన పోయాడు. నేను కాపరానికి వెళ్ళనే లేదు. ఆయన మొహం గుర్తులేదు గాని, నొసటి బాసికం గుర్తుంది. దాని అంచున ఒక బెండు ముత్యం ఊడిపోబోతోంది. పీటల మీద కూర్చునే దాన్ని సర్దబోయాను, మా అమ్మ తొడ గిల్లింది. ఆ తర్వాత ఇక నా చెయ్యి బాసికానికి తగలకూడదన్నారు. చెక్కు తీసి ఇవ్వొచ్చు, పొర తీసి ఇవ్వొచ్చు, రంగులూ తళుకూ వేసే చాప మీదికి మాత్రం రాకూడదు. అమ్మ పోయాక కూడా నాన్న ఆ నియమం సడలించలేదు. ఆయన చెడ్డవాడు కాదు. విధవ ముట్టిన బాసికమని తెలిస్తే పెళ్ళివారు ఊరుకుంటారా?

కానీ పనిలో నన్ను మించినవాళ్ళు మా ఇంట్లో లేరు. గొప్పకి చెప్పడం లేదు. బెండు కర్రని బల్ల మీద దొర్లిస్తూ పల్చటి కత్తి ఆనిస్తే, చాప చుట్ట విప్పినట్టు పొర వస్తుంది. నేను తీసిన పొర కింద చెయ్యి పెడితే చేతిగీతలు కనపడేవి. ఆ పొరలు తీసుకెళ్ళి, కూలికి వచ్చిన మొద్దు చేతులవాళ్ళు చాప మీద కూర్చుని వంకరటింకరగా కత్తిరించేవారు. నేను వసారాలో కూర్చుని పళ్ళు నూరుకునేదాన్ని. "అమ్మాయ్, ఆ చూపుకే బెండు కాలిపోతుందే" అనేవాడు నాన్న.

తమ్ముడు నాకంటే రెండేళ్ళు చిన్న. అమ్మ పోయినప్పటినుంచీ వాడికి తలంటు పోసిందీ అన్నం పెట్టిందీ నేనే. పాదిరిగారి బడిలో చదివాడు. బడి నుంచి రాగానే ఆ రోజు నేర్చుకున్నది నాకు నేర్పేవాడు. బెండు పుల్లని మసి నీళ్ళలో ముంచి రాయించేవాడు. నా గుణింతాలు చూసి పకపకా నవ్వేవాడు. "అక్కా, నీ కత్తి నడిచినంత తిన్నగా నీ చెయ్యి నడవదేంటే?" అని ఏడిపించేవాడు. వీపు మీద ఒక్కటిచ్చేదాన్ని.

రంప పితూరీ సద్దుమణిగిన కొన్నేళ్ళకి, కాలవల పని చూసే ఒక దొరగారు బెండు టోపీ కోసం మా ఇంటికి వచ్చాడు. పండితుడి దగ్గర తెలుగు నేర్చుకున్నాడట, పుస్తకం చదివినట్టు మాట్లాడేవాడు. టోపీ సంగతి వదిలేసి వసారాలో నేను తీసిన బెండు పలకల్ని వేలితో నొక్కి చూశాడు. ఆయనకి రెక్కల పురుగుల పిచ్చి. వాటిని చంపి, రెక్కలు పరిచి, సన్నటి సూదితో పెట్టె అడుగున గుచ్చి దాచేవాడు. సూది మెత్తగా దిగాలి, దిగాక కదలకూడదు. దానికి మా బెండుని మించింది లేదు. పెట్టెల అడుగున బెండు పరిచే పని నాకే ఇచ్చాడు నాన్న. చచ్చిన పురుగులకి శుభమేంటి, అశుభమేంటి?

పెట్టెలు తీసుకెళ్ళి ఇవ్వడానికి దొర బంగళాకి వెళ్ళిన తమ్ముడు అక్కడే పనికి కుదిరాడు. పురుగు కింద గుచ్చే చీటీలు రాయడం వాడి పని. ఏ ఊళ్ళో, ఏ రోజున, ఎవరు పట్టారు అన్నది గోరంత అక్షరాలతో రాయాలి. రాస్తూ రాస్తూ వాడికీ ఆ పిచ్చి అంటుకుంది. ముఖ్యంగా ఒక జాతి అంటే వాడికి ప్రాణం. దీపం పురుగుల బాపతే అవి, కానీ లావుపాటి ఒళ్ళు, సన్నగా పొడుగ్గా కోసిన రెక్కలు. సందెవేళ వస్తాయి. పువ్వు మీద వాలవు. గాలిలోనే నిలబడి పొడుగాటి నాలుక చాచి తేనె తాగి, చూస్తుండగానే మాయమైపోతాయి. దొరల భాషలో వాటికి డేగ పేరు పెట్టారట. తమ్ముడు డేగపురుగులు అనేవాడు. మన గన్నేరు చెట్ల మీద ఆకుపచ్చటిది ఉంటుంది, నువ్వు చేలల్లో వీపు మీద పుర్రె గుర్తున్నది ఉంటుంది. వాడు చూపించేదాకా ఇన్నేళ్ళూ ఆ గన్నేరు పక్కనే తిరిగి నేను ఒక్కదాన్నీ చూడలేదు.

ఒకరోజు మన్యంలో కొలతల పని చేసి వచ్చిన మనిషి ఒకడు దొరతో ఒక సంగతి చెప్పాడు. తుని మీదుగా మన్యం ఎక్కితే, గూడెం అనే ఊరి అవతల అన్నిటికంటే ఎత్తయిన కొండ కొమ్మున, మంచు దిగే సందెవేళ, బూడిద రంగు డేగపురుగుని చూశాడట. వెనక రెక్కల మీద ఎర్రటి పట్టీ ఉందట. దొర తన పుస్తకాలన్నీ తిరగేశాడు. అలాంటిది వాటిల్లో లేదు. ఆయన వెళ్దామంటే కాలవ పని వదిలి కదలడానికి లేదు. "నేను వెళ్తానండి" అన్నాడు తమ్ముడు. అది దొరికితే దొరల దేశానికి, సీమకి పంపుతారట, అక్కడ గాజు కింద పెట్టి నూరేళ్ళయినా చెదరకుండా దాస్తారట, కింద చీటీ మీద పట్టినవాడి పేరు ఉంటుందట.

నాన్నకి నవ్వాగలేదు. "కొండని తవ్వి ఎలకని పట్టాడట వెనకటికొకడు. వీడు కొండెక్కి పురుగుని పడతాట్ట! పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టండి."

తమ్ముడు నవ్వలేదు. ఆ సాయంత్రం వసారాలో నా పక్కన కూర్చుని అన్నాడు. "అక్కా, నాన్న ఎన్ని బాసికాలు చేశాడంటావ్? ఒక్కటైనా ఉందా? పదహారు రోజుల పండగ అయిపోగానే తీసుకెళ్ళి గోదాట్లో కలిపేస్తారు. తాత చేసినవీ అంతే. మన ఇంట్లోవాళ్ళు ఇన్నాళ్ళు బతికారని చెప్పడానికి ఒక్కటంటే ఒక్కటి లేదు. ఒక్కచోటైనా మన పేరు నిలవద్దంటే?"

నేను ఆపాల్సింది. వానలు వెనకబట్టిన రోజుల్లో మన్యం నీళ్ళు తాగితే జ్వరమొస్తుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆపలేదు. ఆ మాట నాకూ తగిలింది. నా పేరు ఎక్కడా లేదు, ఉండబోదు. వాడిదైనా ఉండనీ అనుకున్నాను. ఉన్నవాటిల్లో ముదురు బెండు ఏరి, రెండు పొరలుగా పరిచి, చిన్న పెట్టె ఒకటి సిద్ధం చేశాను. అటుకులూ బెల్లం మూటకట్టాను. వాడు కాలవ పడవెక్కి సామర్లకోట వెళ్ళి, అక్కణ్ణించి బండి మీద తుని చేరి, మన్యం ఎక్కాడు.

నలభై రోజులకి అదే కాలవలో తిరిగొచ్చాడు. పడవవాళ్ళిద్దరు చెరో రెక్కా పట్టుకుని గట్టెక్కించారు. మనిషి సగమయ్యాడు, కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. నడుముకి తువ్వాలుతో పెట్టె కట్టుకుని ఉన్నాడు. పడవలో వాంతి చేసుకుంటున్నప్పుడు కూడా దాన్ని విప్పనివ్వలేదని పడవవాళ్ళు చెప్పారు. రోజు విడిచి రోజు వణుకుతో జ్వరం. దొరగారు చేదు మందు పంపించాడు, ఆయనే వచ్చి వసారాలో నిలబడ్డాడు కూడా. మా వైద్యుడు కషాయం ఇచ్చాడు. ఏదీ కడుపులో నిలవలేదు.

జ్వరం విడిచిన పూట ఎంత మాట్లాడేవాడో! "అక్కా, అక్కడ మబ్బు మన కాళ్ళ కింద ఉంటుందే. రాతి మీద ఏదో తెల్లపూల తీగ. ఎండ పోయి చీకటి పడేలోపు, ఒక్కటంటే ఒక్క గడియ. అంతలోనే వస్తుంది, అంతలోనే పోతుంది. చలికి ఒళ్ళంతా బొచ్చు కప్పుకుంది, గొంగళి కప్పుకున్న ముసలాడిలాగ. ఇరవై సందెలు కాపేశాను. మూడు దొరికాయి. రెండింటిని చీమలు తినేశాయి. ఒక్కటే మిగిలింది."

మూడో రోజున వాడికి చూపు ఆనడం మానేసింది. "అక్కా, పెట్టె తెరిచి చూడవే. బాగానే ఉందా?" అన్నాడు.

తెరిచాను. బూడిద రంగు ముందు రెక్కలు, వాటి మీద సన్నటి మసి గీతలు. ఎడమ వెనక రెక్క మీద ఎర్రటి పట్టీ. కుడివైపు వెనక రెక్క లేదు. మొదలంటా విరిగి, పెట్టె అడుగున నలుసులు నలుసులుగా రాలి ఉంది. జ్వరంలో వాడు వణికిన వణుకంతా కడుపుకి కట్టుకున్న ఆ పెట్టె కూడా వణికి ఉంటుంది.

"చెక్కు చెదరలేదురా నాయనా" అన్నాను.

"నువ్వేసిన బెండు కదా" అని నవ్వాడు. మర్నాడు పొద్దున్నే పోయాడు.

అప్పుడు నేనెలా ఏడ్చానో రాయలేను. కన్నబిడ్డ పోయినట్టే ఏడ్చాను. నాన్న ఏడవలేదు. "వచ్చే మాఘంలో వీడికి పెళ్ళి చేద్దామనుకున్నానమ్మా. వీడి బాసికం నేనే చేద్దామనుకున్నాను" అని అదే మాట రోజంతా అంటూ కూర్చున్నాడు.

మైల రోజుల్లో ఇంట్లో పని ఉండదు. రంగుల చాప ఖాళీగా పడి ఉంది. ఎముకలు ఏరి తెచ్చిన మధ్యాహ్నం ఆ పెట్టె పట్టుకుని వెళ్ళి దాని మీద కూర్చున్నాను. పదకొండో ఏటి తర్వాత దాని మీద కూర్చోవడం అదే మొదలు. చెక్కు చెదరలేదని వాడితో చెప్పాను కదా. చెప్పిన మాట నిజం చెయ్యాలి. విరిగింది మా గడప దాటకూడదు. నా బుర్రలో ఇంకో ఆలోచనే లేదు. పోయే ముందు వాడు నమ్మి వెళ్ళింది అబద్ధం కాకూడదు, అంతే.

పొర తీశాను. నా బతుకులో అంత పల్చగా ఎప్పుడూ తీయలేదు. ఎడమ రెక్కని చూసుకుంటూ కత్తిరించాను. గోరుతో నరాలు నొక్కాను. తుమ్మజిగురు పల్చగా రాసి, పెట్టె అడుగున రాలిన బూడిద పొడినే అద్దాను. ఎర్ర పట్టీ దగ్గర ఆగిపోయాను. లక్క రంగు వేస్తే నల్లబడింది. పసుపులో సున్నం కలిపితే వచ్చే పారాణి ఎరుపు సరిగ్గా సరిపోయింది. పెళ్ళికూతురి కాళ్ళకి పెట్టే ఎరుపు అది. నా చెయ్యి దాన్ని తాకకూడదు. తాకాను. రెక్కని మొదట్లో అతికి, ఎత్తి వెలుగులో చూశాను. ఏది దేవుడు చేసిందో, ఏది నేను చేసిందో నాకే తెలియలేదు.

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో! దగ్గరికొచ్చి వంగి చాలాసేపు చూశాడు. "ఏదమ్మా నువ్వు చేసింది?" అని అడిగాడు. చూపించాను. "నిన్ను ఈ చాప మీదికి ఎప్పుడో రానివ్వాల్సింది" అన్నాడు. తమ్ముడు పోయి నాలుగు రోజులు కాలేదు. ఆ మాటకి నా గుండె పొంగింది. సిగ్గులేకుండా రాస్తున్నాను, పొంగింది.

విరిగిన అసలు రెక్క నలుసులు మిగిలాయి. వాటినేం చెయ్యాలో నేను ఆలోచించను కూడా లేదు. మా ఇంట్లో పాత ముక్కలకి ఏం చేస్తారో అదే చేశాను. తమలపాకులో చుట్టి, వాడి అస్థికల కుండలో పైన పెట్టాను. వాడిది వాడితో వెళ్ళనీ అనుకున్నాను. నాన్న తీసుకెళ్ళి గోదాట్లో కలిపాడు.

దొరగారు పెట్టె తెరిచి చూసి కళ్ళు తుడుచుకున్నాడు. తమ్ముడు కొండ మీదే రాసి పెట్టుకున్న చీటీని మార్చకుండా దాని కిందే గుచ్చాడు. కొండ పేరు, పట్టిన రోజు, వాడి పేరు. పెట్టె కాకినాడ వెళ్ళి పొగఓడ ఎక్కింది. ఆ ఆర్నెల్లూ నేను ఒక రకమైన గర్వంతో తిరిగాను. పరామర్శకి వచ్చినవాళ్ళతో, మా వాడి పేరు సీమలో గాజు కింద ఉంటుందని చెప్పాను. అడిగినవాళ్ళకీ చెప్పాను, అడగనివాళ్ళకీ చెప్పాను.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం దొరగారు వచ్చాడు. ఎప్పుడూ కూర్చునే బల్ల మీద కూర్చోలేదు. చేతిలో ఉత్తరం ఉంది. నాన్నతో అన్నాడు, "నీ కుమారుడు నన్ను వంచించినాడు. నేను వానిని నా బిడ్డవలె చూచితిని."

నాన్నకి అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైంది.

సీమలో పెద్దలు పెట్టె తెరిచేసరికి ఒక రెక్క మీది ఎరుపు పసుపు రంగుకి తిరిగిపోయిందట. తడి కుంచెతో అంటితే రంగు ఊడి వచ్చిందట. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే అది బెండు. ఇండియాలో చేతిపనివాళ్ళు నాలుగు పురుగుల ముక్కలు అతికి దొరలకి అంటగడుతుంటారనీ, ఇది అలాంటిదేననీ రాశారట. పారాణి ఎరుపు నాలుగు రోజుల ముచ్చట. పెళ్ళికూతురి కాళ్ళ మీద పసుపై పోవడం ఎన్నిసార్లు చూడలేదు నేను? చూశాను. ఆ రోజు గుర్తు రాలేదు.

నాకు పరదా లేదు, భయమూ లేదు. వసారాలోకి వచ్చి నిలబడ్డాను. "మా తమ్ముడు కాదండి, నేను చేశానండి. వాడికి తెలియదండి. వాడు పోయాక చేశానండి" అన్నాను.

ఆయన నమ్మలేదు. ఆడదాన్ని, చచ్చిన తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నాను అనుకున్నాడు. అప్పుడు నాకు తిక్క రేగింది. లోపలికెళ్ళి కత్తీ బెండూ తెచ్చి, ఆయన కళ్ళముందే కూర్చుని పొర తీసి, రెక్క కత్తిరించి, నరాలు నొక్కి, ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఎండలో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం మెత్తబడుతుందనుకున్నాను. తెల్లబోయింది.

"అమ్మా, ఇట్టి రెక్క చేయగలిగినదానవు, పురుగు ఒడలు చేయలేవా?" అన్నాడు.

చేతిలోని కత్తి కింద పెట్టేశాను. ఎంత పనితనం నాది!

"అసలు రెక్క ఎక్కడ ఉన్నది? అది ఒక్కటి చూపుము, నేను మరల వ్రాసెదను."

"గోదాట్లో కలిపేశానండి. వాడి అస్థికలతో."

ఆయన ఆ బెండు రెక్కని బల్ల మీద పెట్టేశాడు. తర్వాత అన్న మాట ఇన్నేళ్ళయినా నా చెవుల్లోనే ఉంది. "విరిగినదే పంపియుండవలసినది. మా యొద్ద విరిగినవి వందలు కలవు. ఒక రెక్క లేకున్నను మాకు చింత లేదు."

చింత లేదట! విరిగినదాన్ని విరిగినట్టే ఇవ్వొచ్చని మా వంశంలో ఎవరికి తెలుసు? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? "పోనీ ఆ మిగిలిన పురుగునైనా ఇప్పించండి దొరగారూ, మూడు రెక్కలు వాడు పట్టినవేనండి" అని కాళ్ళావేళ్ళా పడ్డాను. అక్కడే పారేశారట. ఉత్తరంలో చీటీ ఒక్కటి వెనక్కి పంపించారు. అది నా చేతిలో పెట్టి, నమ్మాలనే ఉంది కానీ ఆధారం లేదని చెప్పి వెళ్ళిపోయాడు. చెడ్డవాడు కాదు. మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆ ఏడే ఆయనకి వేరే జిల్లాకి బదిలీ అయింది.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. కొన్నాళ్ళ తర్వాత, "చాప మీదికి రా అమ్మా, పెళ్ళివారు ఏమనుకుంటే అనుకోనీ" అని పిలిచాడు. నేను వెళ్ళలేదు. ఆ తర్వాత ఈ చెయ్యి రంగు ముట్టలేదు. తీర్థాల్లో అమ్మడానికి బెండు సీతాకోకచిలకలు చేసివ్వమని వచ్చినవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టి పంపాను. ఎందుకు తిట్టానో వాళ్ళకి తెలియదు పాపం.

నాన్న పోయిన చాన్నాళ్ళకి, రైలు పడ్డాక, చుట్టాల ఇంటికని తుని వెళ్ళాను. సంతలో అడ్డాకులు అమ్ముకుంటున్న ఒక కొండమనిషి కనపడింది. నా వయసే ఉంటుంది. గూడెం అవతలి నుంచి వచ్చానంది. ఆకులు బేరమాడుతూ ఉండబట్టలేక అడిగాను. కొండ కొమ్మున, మంచు దిగే సందేళ, తెల్లపూల మీదికి బూడిద రంగు పురుగు వస్తుందా అని.

"వస్తాది. వానలెళ్ళాక వస్తాది. మేం దాన్ని ముట్టం" అంది.

"వెనక రెక్కకి ఎర్ర పట్టీ ఉంటుందా?"

"రెండిటికీ ఉంటాది" అని నా మొహం చూసి, "ఏం, అమ్మా?" అంది.

ఆ సంతలో, ఆకుల మధ్య కూలబడి ఏడ్చాను. ఆవిడ పాపం తన కొంగుతో నా మొహం తుడిచింది. అది ఉంది. ఇప్పటికీ ప్రతి ఏడూ అక్కడికి వస్తోంది. కొండ కిందివాళ్ళలో దాన్ని మొదట పట్టినవాడు మా తమ్ముడు, తెచ్చి చూపించినవాడూ మా తమ్ముడే. కానీ కొండమనిషి మాటా, అబద్ధం చేసి పంపిన విధవ మాటా ఏ దొర పుస్తకంలోకి ఎక్కుతాయి?

చీటీ నా దగ్గరే ఉంది. వాడి గోరంత అక్షరాలు ఇంకా వెలవలేదు. నడిమధ్య సూది గుచ్చిన చిల్లు ఉంది. దాని మీది పేరు ఇక్కడ రాయను. ఒకసారి నా వల్ల దొంగ అనిపించుకున్న పేరది, మళ్ళీ పదిమంది నోళ్ళలో పడెయ్యలేను. ఎన్నడైనా ఎవరైనా ఆ కొండెక్కి, ఆ గడియ కాపేసి, ఆ పురుగుని పట్టుకుంటే, వాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. మా వాడు దాన్ని మీకంటే ముందే తెచ్చాడు. మూడు రెక్కలూ ఒళ్ళూ వాడివి. ఒక్క రెక్కే నాది.